ఛార్జీల విచారణలో చర్చ వల్ల ఏమి మారింది

“విధానాల మంచిచెడ్డలు తేల్చవలసింది నిపుణులు కదా, సామాన్యులతో చర్చ పెడితే కాలయాపన తప్ప ఒరిగేదేమిటి” అని మీరు అడిగారు. గుంటూరులోని మా అపార్టుమెంటు సంక్షేమ సంఘం తరఫున విద్యుత్ ఛార్జీలపై అభ్యంతరాలు రాసి, విజయవాడలో జరిగిన బహిరంగ విచారణలో వాటిని వినిపించినవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను.

2003 విద్యుత్ చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించిన తరువాతే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఛార్జీలను ఖరారు చేయాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి, దీనికి తేడా ఉంది: అక్కడ ఎవరి గోడు వారిది, ఇక్కడ ఒకరి వాదన మరొకరు వింటారు.

మేము వెళ్ళింది స్థిర ఛార్జీల (వాడకంతో సంబంధం లేకుండా నెలనెలా కట్టే మొత్తం) గురించే అయినా, ఆ రోజు చర్చంతా వ్యవసాయ పంపుసెట్ల చుట్టూ తిరిగింది. మీటర్లు లేని పంపుసెట్ల వాడకాన్ని అంచనా వేయవలసిందే. ఆ అంచనా పెంచితే పంపిణీ నష్టాలు (సరఫరా చేసినా లెక్కకు రాని విద్యుత్తు) కాగితం మీద తగ్గుతాయి, తగ్గిస్తే పెరుగుతాయి. అంచనా పద్ధతిని ఇంజనీర్లు చెప్పగలరు గాని, పంపుసెట్లు వాడే విద్యుత్తు ఖర్చును ప్రభుత్వ సబ్సిడీ మోయాలా, పట్టణ వినియోగదారుల బిల్లులో కలపాలా అన్నది గణితంతో తేలదు. పంపుసెట్లకు మీటర్లు పెట్టాలని మేము కోరినప్పుడు, రేపు బిల్లు రాదన్న పూచీ ఎవరిస్తారని ఒక రైతు అడిగారు. మా దగ్గర జవాబు లేదు. చివరకు వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల రీడింగులను బయటపెట్టాలన్న కోరిక దగ్గర ఇరుపక్షాలమూ కలిశాము. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు అది ఎవరి కాగితంలోనూ లేదు.

అయితే వందల పేజీల ఇంగ్లీషు ప్రతిపాదనలు చదవగలిగినవారే ఈ విచారణల్లో ఎక్కువగా మాట్లాడతారు: విశ్రాంత ఇంజనీర్లు, సంఘాల నాయకులు (నాలాంటివారు కూడా). ఈ విషయంలో 2001లో ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ జిల్లాలో జరిగిన ‘ప్రజాతీర్పు’ మేలైన పద్ధతి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక అయిన విజన్ 2020తో పాటు మరో రెండు భవిష్యత్ చిత్రాలను ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులే ఉన్న జ్యూరీ ముందు పెట్టి, సాక్షులను వారి ముందుకే రప్పించారు. జ్యూరీ ఎంపికపైనా, నిష్పాక్షికతపైనా విమర్శలు వచ్చాయి. ఎవరిని పిలుస్తారన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది కనుక అవి అడగవలసిన ప్రశ్నలే.

స్థిర ఛార్జీలపై మా అభ్యంతరాన్ని మండలి అంగీకరించలేదు. కానీ మా వాదన, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) జవాబు, మండలి అభిప్రాయం మూడూ ఉత్తర్వులో వరుసగా ఉన్నాయి. మరుసటి ఏడాది అభ్యంతరాన్ని ఆ మూడో భాగానికి జవాబుగానే రాశాము.