కట్ట మీది నుంచి జిగ్ వేయడానికి ఎంత పొడవు రాడ్ కొనాలి?

డిండి ప్రాజెక్టు కట్ట మీద నిలబడి జిగ్‌తో, అంటే సీసం తల ఉన్న గాలానికి రబ్బరు చేప తొడిగిన ఎరతో, వాలుగ పట్టాలని ఉందని, దుకాణంలో ఎనిమిది అడుగుల రాడ్‌నూ పన్నెండు అడుగుల రాడ్‌నూ చూపించారని, పొడవు ఎక్కువైతే గాలం దూరం పోతుంది కాబట్టి పెద్దదే కొనమంటారా అని మీరు అడిగారు. దూరం కోసం పొడవు కొనేవారందరూ పొరపాటు పడుతున్నారని నా గట్టి అభిప్రాయం. సన్నని బ్రెయిడ్ దారానికి, అంటే పోగులు అల్లిన దారానికి, 20 గ్రాముల జిగ్ కట్టి విసిరితే ఏడడుగుల రాడ్‌తో కూడా కావలసినంత దూరం పోతుంది. రాడ్ పొడవు నిజంగా అక్కరకు వచ్చేది విసిరేటప్పుడు కాదు, జిగ్ తిరిగి మన కాళ్ల దగ్గరికి వచ్చే చివరి పది మీటర్లలో.

ఈ సంగతి నాకు నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద తెలిసింది. కందూరు చోడుల కాలం నాటి ఆ చెరువుకు ఇప్పుడు సాగర్ నీళ్లు వస్తాయి. అక్టోబరులో ఒక సాయంత్రం నీళ్లు కట్ట రాళ్ల మీదికి ఎక్కి ఉన్న వేళ, ఏడడుగుల రాడ్‌తో, 18 గ్రాముల సీసం తలకు రబ్బరు చేప తొడిగి విసురుతున్నాను. పొద్దు వాలి నీటి రంగు మారుతుండగా, ఒడ్డుకు నాలుగైదు మీటర్ల దూరంలో వాలుగ అందుకున్నది. ఆ చేప నీటి లోపలికి పారిపోయి ఉంటే ఎలాగో నిలబెట్టేవాణ్ని. అది లోపలికి పోకుండా కట్ట వెంబడి పక్కకు పరుగెత్తింది. నేను రాళ్ల మీద ఎత్తున నిలబడి ఉన్నాను, రాడ్ కొన నీటి అంచును దాటి లేదు. దాంతో దారం మునిగిన రాళ్ల అంచులకు ఒరుసుకుంటూ పోయి, నేను కిందికి దిగేలోపే తెగిపోయింది. తెప్ప మీద వలలు సర్దుకుంటున్న మత్స్య సహకార సంఘం పెద్దమనిషి ఒకాయన ఇదంతా చూసి, "దారం రాళ్లకు రాస్కుంటున్నది తమ్మీ, నీ కర్ర రాళ్లను దాటి పోతలేదు" అన్నాడు. నేను కొన్న ఏ సామాను అట్టపెట్టె మీదా అంత పనికొచ్చే మాట రాసి లేదు.

ఆ మాటను నేను అతిగా అర్థం చేసుకుని, మరుసటి వారమే పన్నెండు అడుగుల మడత రాడ్, అంటే గొట్టంలోంచి గొట్టం బయటికి లాగే రకం, కొన్నాను. దాని ఒంటి మీద కార్బన్ అని బంగారు అక్షరాలతో రాసి ఉంది. తీరా కిరాణా దుకాణం తూనిక మీద పెట్టి చూస్తే రీలు లేకుండానే 400 గ్రాములకు దగ్గరగా తూగింది. లోపల ఉన్నది చాలావరకు గాజునార. అక్షరాలకు డబ్బు తీసుకుని వస్తువుకు గాజునార ఇచ్చే ఈ అలవాటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ రాడ్‌తో నెలరోజులు వేసిన తరువాత నాకు మిగిలింది మణికట్టు నొప్పి మాత్రమే.

నొప్పి కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. జిగ్ వేయడమంటే రీలు పిడిని రెండు మూడు చుట్లు తిప్పి ఆపడం. అప్పుడు జిగ్ అడుగు నుంచి లేచి, బిగుతుగా ఉన్న దారం వెంట మళ్లీ జారి అడుగును తాకుతుంది, ఆ తాకిడి చేతికి 'టక్' మని తెలియాలి. చేప ఎక్కువగా అందుకునేది ఆ జారేటప్పుడే. జారడానికి రెండు మూడు సెకన్లు పడితే బరువు సరిపోయినట్టు. వెంటనే పడిపోతుంటే బరువు తగ్గించాలి, ఎంతకీ అడుగు అందకపోతే పెంచాలి. మడత రాడ్‌లోని అన్ని అతుకులూ దాటి ఆ 'టక్' నా చేతికి చేరనే లేదు, పైగా కొన బరువుకు రాడ్ ఎప్పుడూ ముందుకు వాలేది. వెదురు గడకు బెండు కట్టి ఎర్రలు గుచ్చి కూర్చునేవారికి పొడవు బరువుగా ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే వారు బెండును కంటితో చూస్తారు. జిగ్ వేసేవాడికి చెయ్యే కన్ను.

చివరికి తొమ్మిది అడుగుల, అంటే సుమారు 274 సెంటీమీటర్ల, రెండు ముక్కల కార్బన్ రాడ్ దగ్గర ఆగాను. మొనను పైకెత్తి పట్టుకుంటే దారం రాళ్ల మీద పడుకోకుండా పైనుంచి దిగుతుంది, జిగ్ చివరి రాళ్లను ఎక్కుతూ ఇరుక్కోకుండా వాటి మీదుగా లేచి వస్తుంది. అదే కట్ట మీద, అదే రాళ్ల దగ్గర, ఆ తరువాతి నెలలో మూడు కిలోల వాలుగను పక్కకు పరుగెత్తనిస్తూనే రాళ్లకు దూరంగా పట్టి ఉంచగలిగాను.

అందుకే రాడ్ కొనేముందు మీరు నిలబడే చోటును చూడమంటాను. సాగర్ వెనుక నీళ్లలో మట్టం 590 అడుగుల నిండు మట్టం నుంచి బాగా పడిపోయినప్పుడు ఒడ్డు చదునైన మట్టిగా బయటపడుతుంది, నీటి అంచు దాకా నడిచిపోవచ్చు కాబట్టి ఎనిమిది అడుగులు చాలు. తుంగలోనూ గుర్రపు డెక్కలోనూ కొర్రమట్ట కోసమైతే ఏడడుగులు మేలు, కానీ అది వేరే ఆట. నిలువు గోడ వంటి ఎత్తైన ఒడ్డు ఉంటే పది అడుగుల దాకా పోవచ్చు. పన్నెండు అడుగుల రాడ్‌తో జిగ్ వేయమని నేను ఎవరికీ చెప్పను.

వెనుకకూ చూడాలి. మన కట్టల మీద సర్కారు తుమ్మ మనిషి ఎత్తు దాటి పెరిగి ఉంటుంది. రాడ్ ఎంత పొడవైతే విసిరే ముందు కొన అంత లోతుగా కంపలోకి పోతుంది. పైన మోటర్ల కరెంటు తీగలు వేలాడుతున్న చోట పొడవు రాడ్ ఎత్తనే కూడదు, కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఉరుములు మొదలైతే రాడ్ దించి పక్కన పెట్టి కట్ట దిగిపోవాలి.

దుకాణానికి మీ రీలు తీసుకుని వెళ్లి రాడ్‌కు బిగించండి. రీలు కాడకు కొంచెం ముందు ఒక్క వేలు పెడితే రాడ్ నిలవాలి, కొన వాలిపోతే పొడవు ఎంత నచ్చినా వదిలేయండి. దారం రింగుల్లోంచి దూర్చి 20 గ్రాముల సీసం కట్టి, కళ్లు మూసుకుని నేల మీదికి వదిలితే ఆ తాకిడి చేతికి రావాలి. రాడ్ మీద అది విసరగల బరువు 10 నుంచి 35 గ్రాముల వరకు అని రాసి ఉంటే మీ పనికి సరిపోతుంది.

డిండి కట్టకు మీరు ఆ రెండు రాడ్‌లనూ వదిలి తొమ్మిది అడుగులది అడగండి, దొరకకపోతే ఎనిమిది అడుగులది తీసుకోండి. గాలం వేసే ముందు అక్కడి మత్స్య సహకార సంఘం వారిని ఒక మాట అడగండి, చేపలు వారివి. రాళ్లు ఎక్కడ మునిగి ఉన్నాయో కూడా వారే చూపిస్తారు.