గ్రహాంతరవాసుల సినిమాకి రివ్యూ రాసే ముందు

విశాఖపట్నం

చి. మాధవికి, మావయ్య ఆశీస్సులు.

ఆ గ్రహాంతరవాసుల సినిమా మీద నీ రివ్యూ చదివాను. "లాజిక్ లేదు, సెకండాఫ్ ల్యాగ్, క్లైమాక్స్ తేలిపోయింది." ఈ మూడు మాటలూ ఏ సినిమాకైనా అతుకుతాయమ్మా. సస్పెన్స్ సినిమా మీద కలం పెట్టేముందు, నీ ఫిర్యాదు ఏ రకానిదో తేల్చుకో.

శ్యామలన్ 2002లో తీసిన ‘సైన్స్’ (సంకేతాలు అని అర్థం, విజ్ఞానం కాదు) తీసుకో. అందులో గ్రహాంతరవాసులకి నీళ్లు పడవు. భూమి మీద 71 శాతం నీళ్లే కదా, అలాంటి చోటికి ఒంటి మీద గుడ్డయినా లేకుండా ఎలా దిగారని చాలామంది అడిగారు. సబబైన ప్రశ్నే, అది నమ్మశక్యానికి సంబంధించింది. కానీ "నీళ్ల సంగతి చివర్లో హఠాత్తుగా తెచ్చారు" అని రాస్తే తప్పు. చిన్నపిల్ల బో నీళ్లు కొంచెం తాగి, బాగోలేవని గ్లాసు అక్కడే వదిలేస్తుంది. టీవీ మీద, అల్మరా మీద, ఇల్లంతా సగం తాగిన గ్లాసులే. దర్శకుడు మొదట్నుంచీ మన కళ్ల ముందే పెట్టాడు. అమెరికా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ దానికి నాలుగుకి నాలుగు నక్షత్రాలు ఇచ్చాడు. ఆయన తూచింది భయం పుట్టించే పనితనాన్ని. ఒకే సినిమాకి రెండు తీర్పులు రావడానికి కారణం ఇదే, అడిగిన ప్రశ్నలు వేరు.

2005 నాటి ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ మీద వచ్చిన ఫిర్యాదు మరో రకం. శత్రువుని చంపేది సూక్ష్మజీవులు, హీరో కాదు. ఆ ముగింపు ఈ సినిమాకి మూలమైన 1898 నాటి హెచ్.జి. వెల్స్ నవలలోదే. నచ్చకపోతే నచ్చలేదను, దర్శకుడు స్పీల్‌బర్గ్ తోచక పెట్టాడని మాత్రం అనకు.

ఇక సస్పెన్స్‌ని ఎలా పట్టుకోవాలంటే, ప్రతి సీనులోనూ పాత్ర కంటే మనకి ఎక్కువ తెలుసా, తక్కువ తెలుసా, సమానమా అని చూడు. బల్ల కింద బాంబుందని ముందే చెబితే పదిహేను నిమిషాల ఉత్కంఠ, చెప్పకపోతే పదిహేను సెకన్ల ఉలికిపాటు అని సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ లెక్క. ‘సైన్స్’లో సామాన్ల గది తలుపు సీను చూడు. హీరో మెల్ గిబ్సన్ తలుపు కింద సందులోంచి కత్తి దూర్చి, దాని మెరుపులో లోపలేముందో చూడబోతాడు. ఆ కత్తి రేకులో ఎంత కనబడితే మనకీ అంతే. తర్వాత గ్రహాంతరవాసి వేళ్లు బయటికొస్తాయి. మొత్తం ఆకారం చూపించకుండానే హాలు బిగుసుకుపోతుంది. (ఆ ఇల్లు రే రెడ్డి అనే పశువైద్యుడిది. ఆ పాత్ర వేసింది శ్యామలనే.) "భయమేసింది" అని ఊరుకోకుండా ఆ కత్తి గురించి రాయి.

చీకట్లో ఫోను తీయకు, పక్కవాళ్లకి వెలుగు. చిన్న పుస్తకం, పెన్సిలు చాలు, పేజీకి ఒకే మాట పెద్దగా గీకు. పాప్‌కార్న్ కవర్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు మళ్లీ మొదలైందో గుర్తు పెట్టుకో. ల్యాగ్ అనే మాటకి సాక్ష్యం అదే. కానీ మన హాళ్లలో ఇంటర్వెల్ ఇస్తారు, హాలీవుడ్ వాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకుని తీయరు. గంటా నలభై ఆరు నిమిషాల సినిమాని సరిగ్గా బిగిసే చోట కోసేస్తే, తిరిగొచ్చాక మొదటి పది నిమిషాలు చల్లగానే ఉంటాయి. ఆ తప్పు దర్శకుడి మీద వెయ్యకు. చీకటి సీన్లూ అంతే. తెర మీద వెలుగు 48 నిట్లు (నిట్ అంటే వెలుగు కొలత) ఉండాలి, ప్రొజెక్టర్ దీపం పాతదైనా, త్రీడీ కళ్లద్దాలు పెట్టినా బాగా తగ్గిపోతుంది. ట్రైలర్లు కూడా మసకగా ఉన్నాయేమో చూసి ఆ తర్వాత కెమెరామన్‌ని నిందించు. డబ్బింగ్‌లో చూస్తే డబ్బింగ్‌లో చూశానని రాయి. గుసగుసల స్థాయి, నిశ్శబ్దం పొడవు అక్కడే చెడుతుంటాయి.

జగదాంబ జంక్షన్‌లో టీ తాగుతూ ఫ్రెండ్స్ మాటలు వినొచ్చు, కానీ నీ నోట్సు పూర్తయ్యాకే. ముందే వింటే రాసేది వాళ్ల సినిమా అవుతుంది.

కథ మొదటి అరగంట దాటి చెప్పకు. గ్రహాంతరవాసి రూపం, వాడి బలహీనత అసలే వద్దు. ముగింపు నచ్చకపోతే "సమస్య తీరిన తీరు ముందు వేసిన పునాదికి సరిపోలేదు" అంటే చాలు. నాలుగువందల మాటలు మించకుండా, ముగింపు మీద ఒక పేరా, పనితనం మీద మూడు పేరాలు ఉండేలా మళ్లీ రాసి పంపు. ఈసారి ‘ల్యాగ్’ అన్న చోట నిమిషం కూడా రాయి.

మీ మావయ్య