మూడేళ్ల ల్యాప్‌టాప్ గంటన్నరకే ఆగిపోతుంటే

మూడేళ్ల కిందట కొన్న మీ ల్యాప్‌టాప్ మధ్యాహ్నం ల్యాబ్ దాకా కూడా రావడం లేదని, గంటన్నరకే ఆగిపోతోందని, కొత్త బ్యాటరీ కొనాలా అని అడిగారు. కొనే ముందు ఒక లెక్క చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, దాని వెంటనే బ్యాటరీరిపోర్ట్ (batteryreport) అని కలిపి రాసి ఎంటర్ నొక్కితే ఒక నివేదిక తయారవుతుంది. అందులోని డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు బ్యాటరీ పట్టే శక్తి) 41,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే పట్టేది) 24,000 ఉన్నాయనుకుందాం. అప్పుడు తెర మీద 100 శాతం కనిపించినా, నిజానికి ఉన్నది కొత్తప్పటి శక్తిలో సుమారు 59 శాతమే. ల్యాప్‌టాప్ సగటున 16 వాట్లు వాడుకుంటే ఆ 24,000 మిల్లీవాట్ అవర్లు, అంటే 24 వాట్ అవర్లు, గంటన్నరలో అయిపోతాయి, వాడకం 8 వాట్లకు తగ్గితే మూడు గంటలు వస్తాయి.

అందుకని ముందు తెర వెలుతురు సగానికి తగ్గించి, టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో అనవసరమైనవి ఆపి, క్లాసులో బ్రౌజర్ ట్యాబులు నాలుగైదుకు మించకుండా చూసుకోండి (ముప్పై ట్యాబులు తెరిచి బ్యాటరీని తిట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను). హాస్టల్లో పరుపు మీద పెట్టి వాడకండి. గాలి దారులు మూసుకుపోయి వేడెక్కుతుంది, ఆ వేడికి బ్యాటరీ త్వరగా అరుగుతుంది. ఎక్కువసేపు ఛార్జర్‌తోనే వాడేటట్లయితే, తయారీదారు యాప్‌లో 80 శాతం పరిమితి ఉంటే పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా రెండు గంటలు దాటకపోతే బ్యాటరీ మార్చడమే మేలు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్లు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అనుమానించి, ఛార్జింగ్ వెంటనే ఆపి, సర్వీస్ కేంద్రంలో చూపించండి.