గుణుపూరులో ఉన్న చెల్లెలి కూతురికి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం.

చిట్టితల్లీ,

పెద్దమ్మ దీవెనలు. అల్లుడుగారికి, పాపకు ప్రభువు పేర శుభాలు. మొన్న ఫోనులో మాట్లాడుతూ ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "జీతం ఇరవయ్యో తేదీకే అయిపోతోంది పెద్దమ్మా, ముగ్గురు పిల్లలతో మీరెలా నెట్టుకొచ్చారు?" అని అడిగావు. అల్లుడుగారు పక్క గదిలో ఉన్నట్టున్నారు. నాకు డబ్బు మాట కన్నా ఆ గొంతు తగ్గించడమే ఎక్కువ గుచ్చుకుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

నేనూ ఒకప్పుడు గొంతు తగ్గించినదాన్నే. పెళ్లయిన ఏడేళ్లకు, ఒక క్రిస్మస్ ముందు, వారం వారం వసూలు చేసే ఒకాయన దగ్గర 3,000 రూపాయలు తీసుకున్నాను. పిల్లలకు బట్టలు, నాకు పట్టుచీర, ముందు గదికి రంగు. డబ్బెక్కడిదని మీ పెదనాన్న అడిగితే చీటీ పాడానని చెప్పాను. వారానికి 200 చొప్పున ఇరవై వారాలు కట్టాలి. అంటే 4,000. ఆ లెక్క అప్పుడు వేసుకోలేదు. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం వచ్చింది, చీర రెండుసార్లు ఉతుక్కు వెళ్లింది, అప్పు మాత్రం ఇంకా నాలుగు వారాలుంది. ఆయన శనివారం పొద్దున్నే వచ్చేవాడు. మీ పెదనాన్న స్నానానికి వెళ్లే వేళ చూసుకుని పెరటి గుమ్మం దగ్గర డబ్బు చేతిలో పెట్టేదాన్ని. ఒక వారం డబ్బు లేక తిట్లు తిన్నాను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా పెద్దది, దానికప్పుడు ఆరేళ్లు, కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, శనివారం వచ్చే మావయ్య అమ్మను తిట్టకుండా చూడు" అంది. నేను కళ్లు తెరిచేసరికి మీ పెదనాన్న అప్పటికే నా వైపు చూస్తున్నారు. ఒక్క మాట అనలేదు. పిల్లలు పడుకున్నాక, సగం రాసి వదిలేసిన వాళ్ల నోటు పుస్తకం ఒకటి తెచ్చి, స్కేలు పెట్టి మధ్యలో గీత గీశారు. "ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. ఇద్దరం రాద్దాం" అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది.

కాబట్టి మొదట చేయాల్సింది పొదుపు కాదు, పుస్తకం. శనివారం ప్రార్థన అయ్యాక పది నిమిషాలు చాలు. ఒక్క నియమం పెట్టుకోండి: "ఎవరు ఖర్చు పెట్టారు" అని అడగకూడదు, "దేనికి పోయింది" అని మాత్రమే అడగాలి. లూకా సువార్త పదహారో అధ్యాయంలో యజమాని తన గృహనిర్వాహకుణ్ణి లెక్క అప్పగించమన్న భాగం మన పాస్టరు అయ్యగారు చదివినప్పుడల్లా ఆ అప్పు ఉన్నన్నాళ్లూ నాకు వీపు మీద చెమట పట్టేది. పుస్తకం మొదలయ్యాక పట్టలేదు.

మొదటి నెలలోనే తెలుస్తుంది నీకు. మా ఇంట్లో కన్నం కిరాణా కొట్టు అరువు ఖాతాలో ఉంది. చేతిలో నోటు ఉంటే పాపకు బిస్కెట్టు కొనడానికి ఆలోచిస్తాం, "రాసుకోండి" అనడానికి ఆలోచించం. ఆ ఖాతా ముందు మూసెయ్. ఒకేసారి తీర్చలేకపోతే కొంత కొంత తీర్చు. తీరేదాకా కొత్తగా ఏదీ రాయించకు.

ఇక జీతంలో పదోవంతు దేవునికిచ్చే దశమభాగం మాట. జీతం రాగానే తీసి కవరులో పెట్టెయ్, మిగిలినదానిలోనే ఇల్లు నడుపు. చివర్లో మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు, నేను చూశాను. వంట బియ్యంలో రోజూ ఒక పిడికెడు కానుకకని తీసి వేరే డబ్బాలో వేయడం కూడా మానకు. అయితే ఇవ్వడానికి అప్పు చేయకు. టీవీలో "విత్తనం వేయండి, వందరెట్లు కోయండి" అంటూ బ్యాంకు ఖాతా నంబరు చూపించే వాళ్లకు ఒక్క రూపాయి పంపకు. నీ సంఘంలో కష్టంలో ఉన్న విధవరాలి ఇల్లు నీకు తెలుసు కదా, అక్కడికి నడిచి వెళ్లు.

ఇక వంటిల్లు. కొండ పక్కన ఉండి ఏడాది పొడుగునా పొట్లాల్లో చింతపండు కొంటున్నావంటే నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మాఘం దాటాక సంతకు కొండవాళ్లు కొత్త చింతపండు తెస్తారు. అదే అదను. గీచి గీచి బేరం చేయకు, ఆ చెట్టెక్కి దులిపింది వాళ్లు. ఇంటికి తెచ్చి రెండు రోజులు ఎండబెట్టు. ఈనెలు, గింజలు తీసి, కల్లుప్పు చల్లి, జాడీలో చేత్తో అదిమి అదిమి పెట్టు, గాలి ఆడకూడదు. తడి చెయ్యి తగిలిందా, బూజు పడుతుంది. రంగు నల్లబడుతుంది, దానికి భయపడకు, పులుపు పోదు. పసుపు కొమ్ములు, చోళ్లు (రాగులు) కూడా పంట వచ్చిన నెలల్లోనే కొనుక్కో. చోడి అంబలి ఉదయం పూట అలవాటు చేస్తే బిస్కెట్ల ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

రాత్రి అన్నం మిగిలితే పారెయ్యకు. ఒడియా ఇళ్లలో పఖాళ చూసే ఉంటావు. మనం చద్దన్నమని చిన్నచూపు చూసేదానికి వాళ్లు మార్చి 20న ఏకంగా ఒక దినమే జరుపుకుంటారు. అన్నం మునిగేలా నీళ్లు పోసి మట్టికుండలో ఉంచు. పొద్దున్నే కాస్త మజ్జిగ, ఉప్పు, చిదిమిన నిమ్మాకు, పచ్చిమిరపకాయ. మాకు బడి చూర చేయడం పక్కింటి ఒడియా అమ్మే నేర్పింది: మినప వడియాలు వేయించి, వెల్లుల్లితో నలిపితే అంతే. అయిదు యవల రొట్టెలు అయిదు వేలమందికి పంచిన ప్రభువే మిగిలిన ముక్కలు ఎత్తించాడు, పన్నెండు గంపలయ్యాయి. అంత చేయగలిగినవాడికి ముక్కలతో పనేమిటని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

అయ్యగారు ప్రార్థనకు వస్తున్నారంటే కోడి తెప్పించాలని కంగారు పడకు. పప్పుచారు, ఒక వేపుడు చాలు. క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు ఇళ్లకు పంపే అరిసెల పళ్లెంలో మాత్రం పిసినారితనం చూపకు. దానికి జనవరి నుంచే నెలకు కొంత వేరే పెట్టు. బట్టలు పిల్లలకు తప్పనిసరి, నీకు ఏడాది విడిచి ఏడాది చాలు.

ఇంట్లో ఒక డబ్బాలో వారం ఖర్చుకు సరిపడా నగదు ఎప్పుడూ ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు వారం పైనే కరెంటు లేదు. ఏటీఎంలు పని చేయలేదు, ఫోన్లు మూగబోయాయి. అటకమీది డబ్బా, జాడీలో చింతపండు, ఒక బస్తా బియ్యం, ఇవే మమ్మల్ని, పైకప్పు ఎగిరిపోయిన వెనకింటి వాళ్లను కూడా గట్టెక్కించాయి. ఆ డబ్బా తాళంచెవి ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు నీకు వస్తోందన్నావు కదా, ఏడాదికి రెండుసార్లు 5,000. దాన్ని ఇంటి ఖర్చులో కలపకు. పోస్టాఫీసుకు వెళ్లి పాప పేర సుకన్య ఖాతా, అదే ఆడపిల్లల పొదుపు ఖాతా, తెరువు. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టినా ఖాతా నిలుస్తుంది. పాపకు పదేళ్లు నిండితే తెరవనివ్వరు, కాబట్టి రేపు, ఎల్లుండి అని వాయిదా వేయకు.

ఈస్టరు అయిన వారం గుణుపూరు రైలెక్కి వస్తాను. ఈలోగా చింతపండు కొని, ఎండబెట్టి, గింజ తీసి ఉంచు. జాడీ నేను తెస్తాను. పుస్తకం తీసి నాకు చూపించనక్కర్లేదు, అది మీ ఇద్దరిదీ.

మీ పెద్దమ్మ.