రాతలు వెల్లువెత్తినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఉన్నట్టుండి ఎందుకు ఆగుతోంది?

సెకనుకు మూడు వేల వరుసలు చేరుతున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సగటు వేగం బాగానే ఉన్నా, మధ్యమధ్య కొన్ని సెకన్లు అంతా స్తంభించిపోతోందని, ఏ సెట్టింగ్ మార్చాలని అడిగారు. సెట్టింగుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సగటును పక్కన పెట్టండి.

నేనూ అక్కడే దెబ్బ తిన్నాను. లారీలకు బిగించిన జీపీఎస్ పెట్టెలు పది సెకన్లకోసారి పంపే సమాచారాన్ని భద్రపరిచే పని మాది. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే వేగపరీక్ష సాధనం పీజీబెంచ్‌తో ఒక్క నిమిషం పరీక్షించి, అంకెలు చూసి మురిసిపోయాను. మెమరీలో మారిన పేజీలన్నిటినీ డిస్కుకు చేర్చే పనిని చెక్‌పాయింట్ అంటారు, డిస్కు మీద భారం పడేది అప్పుడే. దాని గడువు మామూలుగా 5 నిమిషాలు కాబట్టి ఆ నిమిషంలో అది రానే లేదు. వాన లేని రోజు కప్పు చూసి ఇల్లు కారడం లేదన్నట్టయింది.

అందుకని పీజీబెంచ్‌ను కనీసం గంట నడపండి. పెద్దక్షరం పీ ఆప్షన్‌కు 1 ఇస్తే సెకను సెకనుకూ లెక్క చూపిస్తుంది, ఆగిపోయిన క్షణాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. పెద్దక్షరం ఆర్‌తో మీ అసలు రేటునే ఇవ్వండి. అప్పుడు వెనకబడిన లావాదేవీలు ఎదురుచూసిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. పరీక్ష పట్టికల పరిమాణాన్ని నిర్ణయించే స్కేల్‌ను 1 దగ్గర మాత్రం ఉంచకండి. బ్రాంచుల పట్టికలో ఒకటే వరుస ఉంటుంది, క్లయింట్లన్నీ దాని లాక్ కోసమే కాచుకుని కూర్చుంటాయి. మీ సొంత పట్టిక, మీ సొంత స్క్రిప్టు అయితే ఇంకా మేలు.

మా లాగ్‌లో చెక్‌పాయింట్లు మరీ తరచుగా వస్తున్నాయన్న హెచ్చరిక ఇరవై అయిదు సెకన్లకోసారి కనిపించేది. ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టాను వాల్ అంటారు. దాని పరిమితి అయిన మ్యాక్స్ వాల్ సైజ్‌ను 1 జీబీ దగ్గరే వదిలేశాం. అసలు దొంగ అది కూడా కాదు, ప్రతి వరుసనూ విడిగా గుర్తించే మా ప్రైమరీ కీ. అది యాదృచ్ఛిక యూయూఐడీ, అంటే ఏ వరుసక్రమమూ లేని 128 బిట్ల గుర్తింపు సంఖ్య కావడంతో ప్రతి వరుసా ఇండెక్సులో ఎక్కడో ఒక కొత్త పేజీని తాకేది. చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ 8 కేబీ పేజీని మొత్తంగా వాల్‌లో రాస్తుంది. వంద బైట్ల వరుస కోసం 8 కేబీ! వాల్ త్వరగా నిండితే చెక్‌పాయింట్ త్వరగా వస్తుంది, అది వస్తే మళ్లీ పూర్తి పేజీలు. 14వ వెర్షన్ నుంచి పీజీ స్టాట్ వాల్ వ్యూలో ఈ పూర్తి పేజీల సంఖ్య విడిగా కనిపిస్తుంది. నేను దాన్ని చాలా ఆలస్యంగా చూశాను.

వాల్ పరిమితిని 16 జీబీకి, గడువును 15 నిమిషాలకు పెంచాం. సర్వర్ కూలితే కోలుకోవడానికి ఎక్కువసేపు పడుతుందని తెలిసే చేశాం. కీని వరుస సంఖ్యగా మార్చడానికి రెండు వారాంతాలు పోయాయి. పోస్ట్‌గ్రెస్ 18లో అయితే కాలక్రమంలో పెరిగే యూయూఐడీ వెర్షన్ 7 ఉంది. వరుసకో కమిట్ (రాతను ఖాయం చేయడం) మానేసి అయిదు వందలకు ఒకటి చేశాం. తేడా ఎక్కువగా తెలిసింది ఇక్కడే, ఎందుకంటే ప్రతి కమిట్ డిస్కు జవాబు కోసం ఆగాల్సిందే.

రాతలు నిజంగా డిస్కుకు చేరేలా చూసే ఎఫ్‌సింక్‌ను ఆపేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి. కరెంటు పోతే డేటాబేసే పాడవుతుంది. అంతగా అవసరమైతే, ప్రతి కమిట్‌నూ డిస్కు జవాబు వచ్చేదాకా ఆపే సింక్రనస్ కమిట్‌ను ఆపండి, సర్వర్ కూలితే మామూలు సెట్టింగులతో మహా అయితే చివరి 0.6 సెకన్ల కమిట్లు పోతాయి, మిగతాది చెక్కుచెదరదు. లారీ జాడకు అది పరవాలేదు, డబ్బు లెక్కలకైతే నేను ఒప్పుకోను.

మీ కీ ఏ రకమో చెప్పి, చెక్‌పాయింట్ లాగ్ నుంచి నాలుగు వరుసలు పెట్టండి, చూస్తాను.