ఒక్క క్లిక్కుతో అన్ని లింకులూ

ప్రశ్న: మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తుంటాను. పొద్దున్నే జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, వాతావరణం, ధరల పేజీలు కలిపి ఆరు సైట్లు తెరవాలి. ఒక్క ఫైలు నొక్కితే అన్నీ రావాలని నోట్‌ప్యాడ్‌లో బ్యాట్ ఫైలు (విండోస్ వరుసగా అమలు చేసే ఆదేశాల ఫైలు) రాశాను. లింకుల్ని కొటేషన్లలో పెడితే నల్ల కిటికీలు వస్తున్నాయి. కొటేషన్లు తీసేస్తే కొన్ని లింకులు సగానికి తెగుతున్నాయి. ఏం చేయాలి? (గుంటూరు)

జవాబు: లింకు తెరవమని చెప్పే స్టార్ట్ (start) ఆదేశం తర్వాత మొట్టమొదట కొటేషన్లలో ఏదుంటే దాన్ని విండోస్ కిటికీ పేరుగా తీసుకుంటుంది. ఆ నల్ల కిటికీ పై పట్టీ చూడండి, మీ లింకే అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంటుంది. పేరుకింద అది ఖర్చయిపోయాక తెరవడానికి ఇంకేమీ మిగల్లేదు. అందుకని ముందు ఖాళీ పేరు ఒకటి ఇచ్చేయాలి:

స్టార్ట్ "" "లింకు"

ఆదేశాన్ని ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టండి. మూడింటి మధ్యా ఒక్కో ఖాళీ ఉండాలి. కొటేషన్లు మాత్రం తీయొద్దు. లింకులో & గుర్తు ఉంటే, కొటేషన్లు లేనప్పుడు అక్కడితో ఒక ఆదేశం అయిపోయిందనీ తర్వాతది ఇంకో ఆదేశమనీ విండోస్ అనుకుంటుంది. మీ లింకులు తెగుతున్నది అక్కడే.

ఇంకో చిక్కు % గుర్తుతో. తెలుగు పేరున్న పేజీ లింకు కాపీ చేస్తే అక్షరాలకు బదులు బారెడు % గుర్తులు వస్తాయి. బ్యాట్ ఫైలులో % అంటే వేరే అర్థం కాబట్టి లింకు మధ్యలో ముక్కలు మాయమవుతాయి. ప్రతి % దగ్గరా %% అని రెండుసార్లు కొట్టండి. నల్ల కిటికీలో (కమాండ్ ప్రాంప్ట్) చేత్తో కొట్టేటప్పుడు మాత్రం ఒక్కటే చాలు. చేత్తో కొడితే వచ్చిన లింకు ఫైలులో రాకపోతే ముందుగా దీన్నే అనుమానించాలి.

పాత కంప్యూటరైతే మొదటి లింకు తర్వాత టైమౌట్ ఆదేశంతో 5 సెకన్లు ఆపండి. బ్రౌజర్ పూర్తిగా లేచాక మిగతావి ట్యాబులుగా వరుసగా చేరతాయి. పాస్‌వర్డులు మాత్రం ఆ ఫైలులో రాయకండి. నోట్‌ప్యాడ్‌తో ఎవరు తెరిచినా అవి కనిపిస్తాయి.

ప్రశ్న: పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, లింకులు తెరిచే వెబ్‌బ్రౌజర్ మాడ్యూల్‌తో రాసిన స్క్రిప్టు చేత్తో నడిపితే పేజీ తెరుస్తోంది. చెప్పిన వేళకు ప్రోగ్రాములు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే ఏమీ కనిపించదు, ఎర్రర్ కూడా రాదు. ఎందుకు? (విజయవాడ)

జవాబు: యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడపాలి అనే ఆప్షన్ మీద టిక్కు ఉందేమో చూడండి. అలా పెడితే స్క్రిప్టు మీ తెరతో సంబంధం లేని వేరే సెషన్‌లో నడుస్తుంది. అక్కడ బ్రౌజర్ లేచినా మీ కంట పడదు. యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడు మాత్రమే అనేదానికి మార్చండి.

ఆ మాడ్యూల్‌లో లింకు తెరిచే ఓపెన్ ఫంక్షన్ ట్రూ (నిజం) అని తిరిగి ఇచ్చిందని నిశ్చింతగా ఉండకండి. బ్రౌజర్‌కు లింకు అందించే ప్రయత్నం జరిగిందనే దాని అర్థం. పేజీ తెరుచుకుందో లేదో దానికి తెలియదు. లింకు ముందు హెచ్‌టీటీపీఎస్ భాగం తప్పకుండా రాయండి, లేకపోతే దాన్ని ఫైలు పేరనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నెట్ సెంటర్‌లో క్రోమ్ వాడతాం. స్క్రిప్టు లింకులు మాత్రం ఎడ్జ్‌లో తెరుచుకుంటున్నాయి. (గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: స్క్రిప్టులో తప్పు లేదు, డిఫాల్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌గా ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి క్రోమ్‌ను ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కండి. కింద హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ రెండింటి ఎదురుగా క్రోమ్ పేరే ఉందో లేదో చూడండి. డిఫాల్ట్ జోలికి పోకుండా ఒక్క లింకే క్రోమ్‌లో తెరవాలంటే, స్టార్ట్ తర్వాత ఖాళీ కొటేషన్లు, ఆపైన క్రోమ్ అనే మాట, చివర లింకు రాస్తే సరిపోతుంది.