రైస్ కాదు, రీస్

తమ్ముడూ,

బ్రిటన్‌లోని వేల్స్‌కి చెందిన ఒక నటుడి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి లైనులోనే 'మాథ్యూ రైస్' అని కనబడింది. పొరపాటేమో అనుకుంటే కాదు, ఇరవై రెండు చోట్ల అదే. అన్నం కాదు నాయనా, రీస్. దీర్ఘం పెట్టాలి. ఆ 'ర' కూడా మన 'ర' కాదు. నాలుకని ర పలికే చోటే పెట్టి, గొంతు మోగించకుండా ముందు కాస్త ఊపిరి వదిలితే వచ్చే శబ్దం అది. మన లిపిలో దానికి అక్షరం లేదు, 'రీస్'తో సరిపెట్టుకుందాం.

రెండో పేజీకి వచ్చేసరికి 'ఈ ఇంగ్లిష్ నటుడు' అన్నావు. 1974 నవంబరు 8న వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టినవాడు, ఇంట్లో అక్కడి భాష వెల్ష్ మాట్లాడుతూ పెరిగినవాడు, వెల్ష్ మీడియం బడిలో చదివినవాడు. అతన్ని ఇంగ్లిష్ నటుడంటే ఢిల్లీలో ఎవడో మనల్ని 'మదరాసీ' అన్నట్టే ఉంటుంది. వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు 2021 జనాభా లెక్కల్లో 5,38,000 మందికి అటూ ఇటూ, అంటే నూటికి 18 మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకడు అమెరికా వాళ్ల నట్టింట్లో కూర్చుని అమెరికావాడిగా చలామణీ అయ్యాడు. నీ వ్యాసానికి అసలు విషయం అదే. నువ్వేమో దాన్ని పక్కన పెట్టి నలభై సినిమాల పేర్లు రాశావు.

నా మాట సూటిగా చెప్తాను. నటుడి గురించి రాసేవాడు ముందు నటుడి నోరు గురించి రాయాలి. కళ్లు, నవ్వు, ఒడ్డూ పొడుగూ అన్నీ తర్వాత. మన సినిమా రాతలకి ఈ అలవాటు ఎందుకు పోయిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మన దగ్గర ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. హీరోయిన్ పెదవులు కదుపుతుంది, మాట డబ్బింగ్ థియేటర్లో ఇంకెవరో చెప్తారు. సొంత గొంతున్న హీరో కూడా షూటింగ్‌లో అన్నది వదిలేసి, నెలల తర్వాత మైకు ముందు నిలబడి మళ్లీ చెప్తాడు. అందువల్ల గొంతుని నటనలోంచి విడదీసి చూడటం మనకి అలవాటైపోయింది. ఒకవేళ ఎవరైనా రాసినా, సంపాదకుడి కత్తెరకి ముందు బలయ్యేది ఆ పేరానే. ఫొటోకి చోటు కావాలట! బ్రిటన్‌లో, అమెరికాలో టీవీ పద్ధతి వేరు. సెట్లో చెప్పిందే తెర మీద వినపడుతుంది. విమానం మోతో, గాలి హోరో పడిన ముక్కల్నే తర్వాత థియేటర్లో సరిచేస్తారు. అంటే యాస, ఊపిరి, ఏడుపు అన్నీ ఒకే క్షణంలో, ఒకే నోట్లోంచి రావాలి.

ఇప్పుడు అతని దారిని ఆ చెవితో విను. బడిలో ఒక సంగీత నాటకంలో ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టాడు. ఆ తర్వాత 17 ఏళ్లకి లండన్‌లోని రాడా అనే నటన బడికి దరఖాస్తు పెట్టాడు, సీటొచ్చింది. తన బడివాడే అయిన యోఅన్ గ్రిఫిద్‌తో లండన్‌లో ఒకే ఇంట్లో ఉన్నాడు. (నువ్వు 'ఐయోన్ గ్రఫ్ఫడ్' అని రాశావు. వెల్ష్‌లో రెండు డి‌లు కలిస్తే నాలుక పళ్లకి ఆనించి పలికే మెత్తని 'ద'. యు అక్షరం 'ఇ'లా పలుకుతుంది. రెండు ఎఫ్‌లు కలిస్తేనే ఫ, ఒక్కటే ఉంటే వ. ఈ మూడు సూత్రాలు కాగితం మీద రాసి గోడకి అంటించుకో.) గ్రిఫిద్ 1987లోనే 'పోబొల్ అ కూమ్' అనే వెల్ష్ సీరియల్లో చేరాడు, పేరుకి అర్థం లోయ జనం. ఆ సీరియల్ 1974 అక్టోబరులో మొదలైంది, రీస్ పుట్టడానికి కొద్ది వారాల ముందు. 1997లో గ్రిఫిద్ 'టైటానిక్'లో ఐదో ఆఫీసర్ 'హెరాల్డ్ లో' వేషం వేశాడు, పడవని వెనక్కి తిప్పి బతికున్నవాళ్ల కోసం వెతికేవాడు. నిజంగా బతికిన ఆ హెరాల్డ్ కూడా ఉత్తర వేల్స్ మనిషే. నువ్వు ఈ సంగతి వదిలేసి 'ఫెంటాస్టిక్ ఫోర్' గురించి అరపేజీ రాశావు.

రీస్ రాడా నుంచి బయటికొచ్చాక వెల్ష్‌లో 'బిద్ అన్ వ్రోల్' అనే సినిమా చేసి, వేల్స్ బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు. నీ జాబితాలో అదొక్కటే లేదు! 1999లో 'టైటస్', అందులో ఆంథొనీ హాప్కిన్స్ పక్కన. హాప్కిన్స్‌ది పోర్ట్ టాల్బట్ ప్రాంతం, ఆయనా వేల్స్‌వాడే. 2000లో లండన్ రంగస్థలం మీద 'ద గ్రాడ్యుయేట్', కాథ్లీన్ టర్నర్‌కి ఎదురుగా అమెరికన్ కుర్రాడి పాత్ర. 2006 నుంచి 2011 దాకా 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్'లో లాయరు కెవిన్ వాకర్, 109 ఎపిసోడ్‌లు. 2013 నుంచి 2018 దాకా 'ది అమెరికన్స్', 75 ఎపిసోడ్‌లు, చివరి ఏడాది టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు. తర్వాత 'పెర్రీ మేసన్' 16.

మధ్యలో 2008లో 'ది ఎడ్జ్ ఆఫ్ లవ్'లో డిలన్ థామస్. ఇక్కడ ఆగు. ఆ కవి వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టాడు కానీ ఆయనకి వెల్ష్ రాదు. చిన్నప్పుడు ఉచ్చారణ పాఠాలు చెప్పించారు, ఆయన ఇంగ్లిష్‌లో వెల్ష్ వాసన పెద్దగా ఉండదు. అంటే వెల్ష్ మాతృభాషగా ఉన్న నటుడు, వెల్ష్ జాతి గర్వంగా చెప్పుకునే కవిని ఆడటానికి తన యాసని దాచుకోవాలి. అదే ఏడాది కార్డిఫ్‌లో జరిగిన జాతీయ ఐస్తెద్‌వోద్‌లో, అంటే వాళ్ల కవుల, గాయకుల పండగలో, రీస్‌ని గోర్సెద్ అనే కవిమండలిలోకి తీసుకుని 'మాథ్యూ టావ్' అని బిరుదు పేరిచ్చారు. టావ్ కార్డిఫ్ మీదుగా పారే నది, ఇంగ్లిష్‌లో టాఫ్. ఈ రెండూ పక్కపక్కన పెడితే నీ వ్యాసానికి మధ్యభాగం దానంతటదే వచ్చేస్తుంది.

'టీవీ మెట్టు ఎక్కి సినిమా అనే శిఖరం చేరాడు' అన్న వాక్యం కొట్టెయ్. ఇది మన సినిమా పేజీల పాత జబ్బు. సీరియల్ అనగానే వంటింటి కాలక్షేపమని చిన్నచూపు. లెక్క వేసి చూడు. 109కి 75 కలిపితే 184 ఎపిసోడ్‌లు, ఒక్కోటి ముప్పావుగంటకి కాస్త అటూ ఇటూ. 130 గంటలు దాటే పని. 'ద పోస్ట్' సినిమాలో డేనియల్ ఎల్స్‌బర్గ్‌గా అతను కనబడేది నిమిషాల్లో. పని ఎక్కడుందో అక్కడ కూర్చుని రాయాలి. ఇంకో సంగతి, 'ది అమెరికన్స్'కి అతను కొన్ని ఎపిసోడ్‌లు దర్శకత్వం కూడా చేశాడు.

ఆ సీరియల్ గురించి నువ్వు రాసిన భాగంలో గరాజ్ సీను మీద నాలుగు లైన్లు బాగున్నాయి. వాటిని ముట్టుకోకు. కానీ ఆఖరి మాట దగ్గర తప్పు చేశావు, అదీ పెద్ద తప్పు. అమెరికన్ దంపతుల వేషంలో ఏళ్ల తరబడి బతికిన ఇద్దరు సోవియట్ గూఢచారులు, ఫిలిప్ (మన రీస్), ఎలిజబెత్. ఇంట్లో కూడా రష్యన్ మాట్లాడకూడదన్నది వాళ్ల కట్టడి. 75 ఎపిసోడ్‌లు ముగిసి మాస్కో దీపాలు చూస్తూ నిలబడతారు. అలవాటు పడిపోతాం అన్న ఆఖరి మాట రష్యన్‌లో వస్తుంది. 'ఫిలిప్ రష్యన్‌లో అంటాడు' అని రాశావు. అనేది ఎలిజబెత్. ఫిలిప్ ఆ సీనులో మాట్లాడేది ఇంగ్లిష్, అమెరికన్ యాసలో. మాతృభాష ముందు ఎవరి నోట్లోంచి వచ్చింది అన్నదే ఆ సీను. మనిషిని తారుమారు చేస్తే సీను పోయింది.

ఇక ఎలా వినాలో చెప్తాను, ఇది నువ్వు అడగలేదు. మూడు పనులు తీసుకో: 'ది అమెరికన్స్', 'ది ఎడ్జ్ ఆఫ్ లవ్', అతను తన మామూలు గొంతుతో మాట్లాడిన ఏదైనా ఇంటర్వ్యూ. ఒక్కోదాంట్లో ఐదు నిమిషాలు చాలు. ట్రైలర్ పనికిరాదు, సంగీతం మాటని మింగేస్తుంది. సబ్‌టైటిల్స్ తీసెయ్, లేకపోతే చెవి వినడం మానేసి కన్ను చదువుతుంది. ఒకటిన్నర స్పీడులో చూసే అలవాటు మీ వయసువాళ్లకి ఉంది, అది ఇక్కడ కుదరదు. యాస అంటే సగం లయే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని మూడుసార్లు విను. మొదటిసారి మాట చివరి 'ర' ఒక్కటే. అమెరికావాడు 'ఫాదర్' చివర ర పలుకుతాడు, కార్డిఫ్‌లో దాన్ని వదిలేస్తారు. మనం ఇంగ్లిష్‌లో ప్రతి ర పలికే జనం కనుక అమెరికన్ ర మనకి మామూలుగానే వినిపిస్తుంది, అది అతను పట్టుబట్టి తెచ్చుకున్నదని తట్టదు. తెలుగువాడు జారిపడేది ఇక్కడే. రెండోసారి రెండు అచ్చుల మధ్య 'ట' విను. 'వాటర్'లో అమెరికన్ ట, నాలుక కొన ఒక్కసారి తట్టి వదిలేసేది, మన ర కి దగ్గర. మూడోసారి అర్థం పట్టించుకోకుండా ఎత్తుపల్లాలు మాత్రమే విను. వేల్స్ ఇంగ్లిష్‌లో వాక్యం ఊయలలా ఊగుతుంది, ఫిలిప్ గొంతులో ఆ ఊగు చదునైపోయింది.

ఆ తర్వాత అతను అరిచే చోట, గుసగుసలాడే చోట, నవ్వే చోట విను. తెచ్చుకున్న యాస జారితే అక్కడే జారుతుంది. ఫిలిప్ విగ్గు, కళ్లద్దాలు పెట్టుకుని క్లార్క్ అనే మారుపేరుతో మార్తా అనే ఆవిడ దగ్గరికి వెళ్లే సీన్లు వదలకు. మార్తాగా చేసిన అలిసన్ రైట్ ఇంగ్లండు అమ్మాయి, సండర్లాండ్‌ది. ఒక వేల్స్‌వాడు, ఒక ఇంగ్లండు మనిషి, ఇద్దరూ అమెరికన్లుగా ప్రేమించుకుంటున్నారు. క్లార్క్ గొంతు ఫిలిప్ గొంతు కాదు. తేడా ఏమిటో నీ మాటల్లో రాయి. 'అద్భుతమైన యాస' అని రాస్తే మాత్రం నేను చదవను.

రెండు భాషల సంగతి కూడా నీ వ్యాసంలో రావాలి. వెల్ష్ టీవీ లేకపోతే అక్కడి నటులకి సొంత భాషలో బతుకుతెరువు ఉండేది కాదు. లండన్ ప్రభుత్వం వెల్ష్ చానల్ హామీ నుంచి వెనక్కి తగ్గితే, గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు 1980లో ఆమరణ నిరాహార దీక్ష చేస్తానన్నాడు. పొట్టి శ్రీరాములు పేరు తెలిసినవాళ్లకి ఆ మాట బరువు వివరించక్కర్లేదు. అక్కడ దీక్ష మొదలవకముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982 నవంబరు 1న ఎస్ ఫోర్ సి అనే ఆ వెల్ష్ చానల్ మొదలైంది.

ఆ చానల్ వల్ల పుట్టిన పద్ధతి చూడు. 2013లో 'అ గ్విష్' అనే పోలీసు సీరియల్ వచ్చింది, ఇంగ్లిష్‌లో 'హింటర్‌లాండ్'. ('అ గ్విష్' అని రాశానే గానీ అది తప్పే. చివర రెండు ఎల్‌లు ఉన్నాయి. నాలుకని ల దగ్గర పెట్టి పక్కల నుంచి గాలి ఊదాలి.) అబెరిస్ట్‌విత్ ఊళ్లో, చుట్టుపక్కల కొండల్లో తీశారు. హీరో రిచర్డ్ హారింగ్టన్, మెర్థిర్ టిడ్‌విల్ మనిషి. ప్రతి సీనూ రెండుసార్లు, ఒకసారి వెల్ష్‌లో, ఒకసారి ఇంగ్లిష్‌లో. తెలుగు, తమిళ ద్విభాషా చిత్రాలు తీసినవాళ్లకి ఈ బాధ తెలుసు. లైటింగ్ అదే, మార్క్ అదే, చేతిలో కప్పు అదే, మాటే వేరు. ఒక భాషలో వాక్యం చిన్నది, ఇంకో భాషలో పొడుగు, కప్పు దించే చోటు మారిపోతుంది. నటుడు డైలాగులు రెండు వరుసలు బట్టీ పట్టాలి, మొదటి భాషలో వచ్చిన ఏడుపు రెండో భాషలో మళ్లీ తెచ్చుకోవాలి. ఎడిటరుకి రెండు సినిమాలు. తర్వాత 'ఈన్ బోరె మెర్హెర్' అనే సీరియల్‌కి ఈవ్ మైల్స్ అనే నటి వెల్ష్ నేర్చుకుని మరీ చేసింది. అలాంటి దేశంలోంచి వచ్చినవాడికి యాస మార్చడం చొక్కా మార్చినట్టు ఎందుకుంటుందో పాఠకుడికి అప్పుడు అర్థమవుతుంది.

నీ ఉత్తరంలో ఐదు ప్రశ్నలున్నాయి. ఏ పత్రికకి పంపాలి, పారితోషికం ఎంత ఇస్తారు అన్న రెండూ వదిలేస్తున్నాను. నవల మొదలుపెట్టాలా అన్నదానికి జవాబు లేదు. 'ఫొటోలు జత చేయాలా' అన్నావు, వద్దు. పేర్లు తెలుగులో ఎలా రాయాలన్నదానికి పైన కొంత చెప్పాను. మిగతావాటికి వెల్ష్ వాళ్లు తమ నోటితో పలికిన రికార్డింగ్ వెతికి, విన్నది విన్నట్టు రాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి రాయకు.

నలభై పేర్లు ఎనిమిదికి దించి, మూడువేల మాటలు పదిహేను వందలకి తెచ్చి పంపు. మార్తా సీన్ల మీద ఒక పేజీ ఉండాలి. దీర్ఘం మర్చిపోకు.

ఆశీస్సులతో,
అన్నయ్య